రాజుగారి ఖర్చు, ప్రజల సొమ్ము: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం బోధించడం నా వృత్తి. 2023 మే 6న లండన్‌లో జరిగిన మూడో చార్లెస్ పట్టాభిషేకాన్ని టీవీలో చూసిన మా విద్యార్థులు, ఈ కాలంలోనూ ఒక కుటుంబాన్ని దేశమంతా కలిసి పోషించడం న్యాయమేనా అని అడగడం మొదలుపెట్టారు. గ్రూప్స్ పరీక్షలకు చదివేవారు రాజభరణాల గురించి అడుగుతారు, ఊళ్ల నుంచి వచ్చినవారు దొరల కోటల్లాంటి ఇళ్లైన గడీల గురించి అడుగుతారు. మళ్లీ మళ్లీ ఎదురైన ప్రశ్నలకు నాకు తెలిసినంత వరకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను. ప్రజాధనంతో రాచరికాన్ని నడపడం అన్యాయమన్నదే నా అభిప్రాయం. అయితే అవతలి పక్షం వాదనల్లో బలమైనవి ఉన్నాయి, వాటిని దాచలేదు.

బ్రిటన్ రాజుకు ప్రభుత్వం జీతం ఇస్తుందా?

జీతం అనే పేరుతో ఇవ్వదు. 2011లో చేసిన సావరిన్ గ్రాంట్ చట్టం ప్రకారం 2012 ఏప్రిల్ నుంచి ఖజానా ఏటా రాజభవనానికి ఒక మొత్తాన్ని ఇస్తోంది. సిబ్బంది జీతాలు, అధికారిక ప్రయాణాలు, విందులు, బకింగ్‌హామ్ వంటి భవనాల మరమ్మతులు ఆ సొమ్ముతోనే జరుగుతాయి. ఆ మొత్తాన్ని లెక్కగట్టే పద్ధతి మాత్రం మిగతా ప్రభుత్వ ఖర్చులకు ఉన్నట్టు ఉండదు. క్రౌన్ ఎస్టేట్ అనే భూముల సంస్థకు రెండేళ్ల కిందట వచ్చిన లాభంలో ఇంత శాతం అని లెక్కవేస్తారు. మొదట 15 శాతంగా ఉన్నది, బకింగ్‌హామ్ భవనంలో పాతబడిన కరెంటు తీగలు, నీటి గొట్టాలు మార్చే 36.9 కోట్ల పౌండ్ల పని కోసం 2017లో 25 శాతమైంది. సముద్రంలో గాలిమరల లీజుల వల్ల ఎస్టేట్ లాభం ఒక్కసారిగా పెరగడంతో 2024లో దాన్ని 12 శాతానికి తగ్గించారు. శాతం తగ్గినా చేతికి అందే సొమ్ము పెరిగింది. 2024-25లో 8.63 కోట్ల పౌండ్లుగా ఉన్న గ్రాంటు 2025-26లో 13.21 కోట్ల పౌండ్లయింది.

ఆ చట్టంలోనే ఇంకొక నియమం ఉంది. ఎస్టేట్ లాభం పడిపోయినా సరే, గ్రాంటు కిందటి ఏడాది ఇచ్చినదానికంటే తగ్గకూడదు. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు దించుకొని కాంటా కోసం ఎదురుచూసే రైతుకు, నిరుటి ధరకు తగ్గకుండా కొంటామని ఏ చట్టమూ మాట ఇవ్వదు. పాఠం చెప్పేటప్పుడు ఈ నియమం దగ్గరికి రాగానే తరగతిలో రైతుబిడ్డలు తలెత్తి చూస్తారు.

మొత్తం కలిపి ఖర్చు ఎంత?

ఇక్కడే అసలు చిక్కు ఉంది. గ్రాంటులో పోలీసు బందోబస్తు ఖర్చు చేరదు, ఆ ఖర్చు ఎంతో ప్రభుత్వం బయటపెట్టదు. డచీలు అనే వారసత్వపు భూముల ఎస్టేట్లలో లాంకాస్టర్ డచీ ఆదాయం రాజుకూ, కార్న్‌వాల్ డచీ ఆదాయం యువరాజుకూ వెళ్తాయి, ఒక్కొక్కటి ఏటా రెండు కోట్ల పౌండ్లకు పైబడి ఉంటుంది. రాచరికాన్ని రద్దు చేయాలని కోరే 'రిపబ్లిక్' అనే సంస్థ ఇవన్నీ కలిపి 2024లో ఏటా 51 కోట్ల పౌండ్లని లెక్క తేల్చింది. రాజభవనం చెప్పే అంకె గ్రాంటు వరకే. ఇవి కాక 2022లో రెండో ఎలిజబెత్ అంత్యక్రియలకు ప్రభుత్వానికి అయిన ఖర్చు సుమారు 16.2 కోట్ల పౌండ్లు, మరుసటి ఏడాది పట్టాభిషేకానికి 7.2 కోట్ల పౌండ్లు.

గ్రాంటు ఒక్కదాన్నే జనాభాతో భాగిస్తే తలకు రెండు పౌండ్ల లోపే పడుతుంది, ఆ సొమ్ముతో లండన్‌లో కప్పు కాఫీ కూడా రాదు. కాబట్టి ఖర్చు పెద్దది అనే ఒక్క మాట మీద నిలబడి వాదించేవారు ఓడిపోతారని మా విద్యార్థులకు ముందే చెబుతాను. నన్ను కలవరపెట్టేది ఆ అంకె కాదు. ప్రజల సొమ్ముతో నడిచే వ్యవస్థకు ఇంత ఖర్చవుతోందని ఆ ప్రజలే ఖాయంగా చెప్పలేని స్థితి నన్ను కలవరపెడుతుంది.

క్రౌన్ ఎస్టేట్ భూములు రాజువే కదా? లాభంలో ఎక్కువ భాగం ఆయనే ప్రభుత్వానికి ఇస్తున్నట్టు కాదా?

రాచరికాన్ని సమర్థించేవారికి ఉన్న ఆయుధాలలో ఇది అన్నింటికంటే పదునైనది. ఎస్టేట్ లాభం ఏడాదికి 110 కోట్ల పౌండ్లు, అందులో రాజుకు వెళ్లేది 12 శాతం, కాబట్టి దేశానికి రాజే పోషకుడు అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. దీనికి జవాబు చెప్పాలంటే 1760 దాకా వెనక్కి వెళ్లాలి.

ఆ ఏడాది సింహాసనం ఎక్కిన మూడో జార్జ్, రాచభూముల ఆదాయాన్ని పార్లమెంటుకు వదిలిపెట్టి, బదులుగా సివిల్ లిస్ట్ అనే ఏటేటి భత్యానికి ఒప్పుకున్నాడు. అయితే ఆ భూముల ఆదాయం అంతకుముందు రాజు సొంత సుఖానికి మాత్రమే ఉద్దేశించినది కాదు. న్యాయమూర్తుల జీతాలు, రాయబారుల ఖర్చులు, పరిపాలన బరువు కూడా దానిమీదే ఉండేవి. భూములతో పాటు ఆ బరువును కూడా ఆయన దించుకున్నాడు. ఈ రోజు రాజు ఆ భూముల్లో ఒక్క గజం కూడా అమ్ముకోలేడు. అవి సింహాసనానికి చెందినవి, సింహాసనం దేశానికి చెందినది. బాల్మోరల్, సాండ్రింగ్‌హామ్ వంటివి ఆయన సొంత ఆస్తులు, వాటితో మనకు పేచీ లేదు.

ఈ విషయం తెలంగాణలో పుట్టినవారికి త్వరగా అర్థం కావాలి, ఎందుకంటే ఇదే బేరం మన దగ్గరా జరిగింది. నిజాం రాజ్యంలో దాదాపు పదో వంతు భూమి సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం స్వంత ఖర్చుకు కేటాయించిన భూమి. శిస్తు నేరుగా సర్కారు ఖజానాకు వచ్చే దివానీ భూములు వేరు, జాగీర్లు వేరు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిశాక, 1949లో సర్ఫ్-ఎ-ఖాస్‌ను దివానీలో కలిపేశారు, బదులుగా మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఏటా పరిహారం ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో జాగీర్ల రద్దు కూడా జరిగింది. మూడో జార్జ్ 1760లో చేసిన పనికీ దీనికీ పోలిక స్పష్టంగానే ఉంది. ఒకచోట ఆ బేరం రెండున్నర శతాబ్దాలు దాటి నడుస్తోంది, మరోచోట పాతికేళ్లయినా నిలవలేదు.

రెండు చోట్లా అడగవలసిన మొదటి ప్రశ్న ఒకటే: ఆ భూమి రాజు చేతికి ఎలా వచ్చింది? యుద్ధంలో గెలిచి తీసుకున్నది, శత్రువు నుంచి లాక్కున్నది, వారసుడు లేక సర్కారులో కలిసినది, శిస్తు కట్టలేనివాడు వదులుకున్నది. ఇంగ్లండులో లాంకాస్టర్ ప్రాంతంలో వీలునామా లేకుండా, దగ్గరి బంధువులు లేకుండా ఎవరైనా చనిపోతే వారి ఆస్తి నేటికీ ఆ డచీకే చేరుతుంది. ఖర్చులు పోగా మిగిలినది దానధర్మాలకు ఇస్తామని డచీ చెబుతుంది, నిజమే కావచ్చు. అయినా దిక్కులేనివాడి ఇల్లు రాజు ఖాతా గుండా వెళ్లవలసిన అవసరం ఏమిటో నాకు ఈనాటికీ బోధపడలేదు.

రాజభరణాలు అంటే ఏమిటి? మన నిజాంకు ఎంత వచ్చేది?

ఐదు వందలకు పైగా సంస్థానాలు భారతదేశంలో విలీనమైనప్పుడు, గద్దె దిగిన రాజులకు ఏటా ఆదాయపు పన్ను లేకుండా ఇంత సొమ్ము ఇస్తామని కేంద్రం ఒప్పందం చేసుకుంది. రాజ్యాంగంలోని 291, 362 అధికరణలు ఆ హామీకి కాపలాగా నిలిచాయి. ఉస్మాన్ అలీ ఖాన్‌కు నిర్ణయించినది నిజాం రాజ్యపు నాణెమైన హాలీ సిక్కాలో 50 లక్షలు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయల చొప్పున మారిస్తే అది 42,85,714 రూపాయలయింది. ఒకప్పుడు ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడని పేరుపడిన మనిషికి ఆ సొమ్ము ఇచ్చారు. ఇంకోవైపు సౌరాష్ట్రలోని కటోడియా పాలకుడికి ఏడాదికి వచ్చినది 192 రూపాయలు. అవసరాన్ని చూసి ఇచ్చిన సొమ్ము కాదని తెలుసుకోవడానికి ఈ రెండు అంకెలు చాలు.

ఇచ్చిన మాట తప్పి 1971లో రాజభరణాలను రద్దు చేయడం అన్యాయం కాదా?

ఈ ప్రశ్న అడిగేవారిని నేను తేలిగ్గా తీసుకోను. సర్దార్ పటేల్ రాజ్యాంగ సభలోనే రాజభరణాలను సమర్థించారు. నెత్తురు చిందకుండా అన్ని సంస్థానాలు కలిసినందుకు ఇది చిన్న మూల్యమని ఆయన వాదన. హైదరాబాద్ విషయంలో సైన్యం కదలవలసి వచ్చింది గాని, చాలా సంస్థానాలకు ఆ మాట వర్తిస్తుంది.

రద్దు కూడా సులువుగా జరగలేదు. 1970 సెప్టెంబర్‌లో లోక్‌సభ ఆమోదించిన రాజ్యాంగ సవరణ బిల్లుకు రాజ్యసభలో 149 ఓట్లు అనుకూలంగా, 75 వ్యతిరేకంగా పడ్డాయి. అవసరమైన మూడింట రెండొంతులకు ఒక్క ఓటు కూడా నిండని తేడాతో అది వీగిపోయింది. వెంటనే రాష్ట్రపతి ఉత్తర్వుతో రాజుల గుర్తింపును తీసేస్తే, మాధవరావు సింధియా కేసులో సుప్రీంకోర్టు డిసెంబర్ 15న ఆ ఉత్తర్వును కొట్టివేసింది. 1971 ఎన్నికల తర్వాత 26వ సవరణ వచ్చి 291, 362 అధికరణలను తొలగించి, రాజుల గుర్తింపును, రాజభరణాలను రద్దు చేసే 363-ఎ ను చేర్చింది.

నా తీర్పు ఇది. మాట ఇచ్చినవారికి, అందుకున్నవారికి ఆ మాట మీద గౌరవం ఉండవలసిందే. కానీ ఆ మాటను వంశం ఉన్నంతకాలం, ఇంకా పుట్టని మనుమల దాకా సాగదీయడం పుట్టని పౌరుల మీద అప్పు రాయడమే. ఆ తరంతో ముగిసే ఏర్పాటు ఒకటి మాట్లాడి కుదుర్చుకొని ఉంటే ఇంకా బాగుండేది. ఒక్క కలం పోటుతో ఆపడంలో కొంత దురుసుతనం ఉందని ఒప్పుకుంటాను, ఆపడం తప్పని మాత్రం ఒప్పుకోను.

రాజులు లేకపోతే రామప్ప, పాకాల, ఉస్మానియా ఉండేవా?

రామప్ప గుడిని 1213లో కట్టించినది గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. కాకతీయుల కాలంలో చెరువు తవ్వించినవారికి ఆయకట్టులో పదో వంతును దశబంధంగా వదిలేవారు. కట్ట తెగకుండా, తూము పూడకుండా తరతరాలు చూసుకున్నది ఊరి జనం. పాకాల చెరువు నీళ్లు నేటికీ పారుతున్నాయంటే ఆ ఘనతలో రాజుకు వాటా ఉంది, మట్టి మోసినవారికి అంతకంటే పెద్ద వాటా ఉంది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం నడిచినది సర్కారు ఖజానా సొమ్ముతో, అంటే రైతు కట్టిన శిస్తుతో. వరంగల్‌లో 1934లో వెలసిన ఆజంజాహీ మిల్లుకు నిజాం పెద్దకొడుకు పేరు పెట్టారు, నూలు వడికినది చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన కార్మికులు.

మంచి పాలకుడిని మెచ్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. గణపతిదేవుణ్ణి, రుద్రమదేవిని తలచుకుంటే నాకూ గర్వంగానే ఉంటుంది. ఆ మెప్పును వారసత్వ హక్కుగా మార్చడమే పొరపాటు.

రాజకుటుంబం వల్ల పర్యాటకులు వస్తారు కదా?

వచ్చేది భవనాలను, కోటలను చూడటానికి. వెర్సాయ్‌లో రాజు లేడు, అయినా ఏటా లక్షల మంది వెళ్తారు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఇప్పుడు దర్బారు జరగదు, ఖిలా వరంగల్ తోరణాల వెనక ఎవరూ ఏలడం లేదు. సెలవు రోజున అక్కడ ఎంత సందడి ఉంటుందో మనకు తెలుసు. బకింగ్‌హామ్ భవనాన్ని కూడా, 1992లో విండ్సర్ కోట కాలిపోయాక మరమ్మతుల డబ్బు కోసం, 1993లో వేసవి సందర్శకులకు తెరిచారు.

రాష్ట్రపతికి కూడా భవనం, బలగం ఉన్నాయి. తేడా ఏమిటి?

ఖర్చు విషయంలో తేడా అంతగా లేదని నిజాయితీగా చెప్పాలి. మన రాష్ట్రపతి భవన్‌లో 340 గదులు ఉన్నాయి, 2018 నుంచి రాష్ట్రపతి జీతం నెలకు ఐదు లక్షలు. రాచరికం పోతే ఖజానాకు కోట్లు మిగిలిపోతాయని ఆశించకూడదు. దేశానికి ఒక అధినేత అంటూ ఉన్నంతకాలం జెండా వందనాలు, విదేశీ అతిథులు, భద్రత, తోటల పని అన్నీ ఉంటాయి.

తేడా ఇంకోచోట ఉంది. రాష్ట్రపతి ఐదేళ్లకు ఆ ఇల్లు ఖాళీ చేస్తారు, పిల్లలకు రాసివ్వలేరు. ఒడిశాలోని ఒక సంతాల్ పల్లెలో పుట్టిన ఆడపిల్ల ఆ పదవికి వచ్చింది. మన రాజ్యాంగంలో 18వ అధికరణ బిరుదులను రద్దు చేసినది అందుకే. బ్రిటన్‌లో 2025 నాటికి సింహాసనానికి వరుసలో ముందున్న ముగ్గురు ఎవరో వాళ్ల పేర్లతో సహా అందరికీ తెలుసు. అందులో ఒకరు ఇంకా బడిపిల్లవాడు. వాడు పెద్దయ్యాక చిత్రకారుడో వైద్యుడో కావాలనుకుంటే ఏం జరుగుతుందన్నది కూడా నాకు చిన్న ప్రశ్నగా తోచదు.

రాచరికం ఉన్న దేశాలే స్థిరంగా, సంపన్నంగా ఉన్నాయి కదా?

నార్వే, డెన్మార్క్, స్వీడన్, నెదర్లాండ్స్, జపాన్ పేర్లు చెప్పి ఈ ప్రశ్న వేస్తారు. ఆ దేశాలు బాగున్నది రాజు వల్ల కాదని, రాజులు అధికారాన్ని సకాలంలో వదులుకోవడం వల్లనే ఆ దేశాలలో వాళ్లు మిగిలారని నా అవగాహన. వదులుకోని నేపాల్ రాజు 2008 మే 28న రాజ్యాంగ సభ తీర్మానంతో గద్దె దిగవలసి వచ్చింది.

స్పెయిన్ కథలో రెండు పక్షాలకూ పనికివచ్చేది ఉంది. 1981 ఫిబ్రవరి 23న సైనికులు పార్లమెంటులోకి తుపాకులతో చొరబడినప్పుడు, రాజు హువాన్ కార్లోస్ సైనిక దుస్తుల్లో టీవీ ముందుకు వచ్చి రాజ్యాంగం పక్షాన నిలబడ్డాడు. ప్రజాస్వామ్యాన్ని ఒక రాజు కాపాడిన రాత్రి అది, ఆ ఘనతను తీసివేయడం నావల్ల కాదు. అదే మనిషి డబ్బు వ్యవహారాలపై దర్యాప్తులు చుట్టుముట్టగా 2020 ఆగస్టులో దేశం విడిచి వెళ్లాడు. పదవిలో ఉన్నంతకాలం ఆయనను ఏ కోర్టూ ప్రశ్నించే వీలు లేదు. ధైర్యం ఒక రాత్రికి సరిపోయింది, లెక్క అడిగేవారు లేని తీరు మాత్రం దశాబ్దాలు సాగింది.

ప్రజలే రాజు కావాలని ఓటు వేస్తే?

అప్పుడు నా అభ్యంతరం సగం తగ్గుతుంది. నార్వే ప్రజలు 1905లో రిఫరెండంలో భారీ ఆధిక్యంతో రాచరికాన్ని ఎంచుకున్నారు. ఆస్ట్రేలియాలో 1999లో దాదాపు 55 శాతం మంది గణతంత్రం వద్దన్నారు. ఇటలీ 1946లో ఓటు వేసి రాజును పంపించింది. ఏది ఎంచుకున్నా అడిగి ఎంచుకున్నారు. మిగిలిన సగం అభ్యంతరం ఏమిటంటే, 1905లో వేసిన ఓటు ఈనాటి యువతీయువకులది కాదు.

ఎక్కడో ఉన్న రాజు ఖర్చు గురించి ఓరుగల్లువాళ్లం ఎందుకు పట్టించుకోవాలి?

మా అమ్మమ్మది జనగామ వైపు పల్లె. గడీలో పెళ్లి జరిగితే కుమ్మరి కుండలు, గొల్లవారు మేకలు, మాదిగవారు చెప్పులు ఊరికే ఇవ్వాలి. ఆమె, వాళ్లమ్మ అడవికి పోయి మోదుగ ఆకులు తెచ్చి, రాత్రి దీపం దగ్గర కూర్చొని ఈనెపుల్లలతో విస్తర్లు కుట్టేవారు. నూరు విస్తర్లు ఒక కట్ట. బొటనవేలి గోరు పక్కన పుల్ల దిగిన మచ్చను చిన్నప్పుడు నాకు ఎన్నోసార్లు చూపించింది. "ఆకులు మేమే తెచ్చినం, ఇస్తర్లు మేమే కుట్టినం, ఇంటికొచ్చి గట్క తాగినం బిడ్డా" అనేది. దొరకు నజరానా, దొర పైనున్నవారికి నజరానా, ఆ పైన హుజూరుకు, అంటే నిజాంకు నజరానా. పైన ఉన్న గుర్రపు బగ్గీ, కింద ఉన్న విస్తరి ఒకే తాడుతో కట్టినవి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు బలైనది ఆ తాడు తెంపే ప్రయత్నంలోనే.

బ్రిటన్‌లో ఈనాడు వెట్టి లేదు. అక్కడి పన్ను చట్టప్రకారం వసూలవుతుంది, పార్లమెంటు ఆమోదంతో ఖర్చవుతుంది, ఆ తేడాను మరిచిపోయి రెండింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. అయినా రాజభవనం ఏటా ప్రచురించే నివేదికలో, 2025 ఫిబ్రవరిలో రాజుగారు ప్రత్యేక రైలులో చేసిన రెండు రోజుల ప్రయాణానికి 44 వేల పౌండ్లకు పైగా అయిందన్న వరుస చదివినప్పుడు, ఆ మచ్చ నాకు గుర్తుకు వచ్చింది. ఆ రైలును 2027 లోపు పక్కన పెడుతున్నామని రాజభవనమే ప్రకటించింది, మంచి నిర్ణయం.

రాచరికాన్ని ఉంచుకోవాలనుకునే దేశం కనీసం ఏం మార్చుకోవాలి?

జపాన్‌ను చూడాలి. 1947 రాజ్యాంగంలోని 88వ అధికరణ చక్రవర్తి కుటుంబ ఆస్తులన్నిటినీ ప్రభుత్వపరం చేసి, వారి ఖర్చులన్నిటికీ పార్లమెంటు ఆమోదం తప్పనిసరి చేసింది. స్వీడన్ రాజు 2019లో తన మనుమల్లో ఐదుగురిని రాజకుటుంబ విధుల నుంచి, వాటితో వచ్చే భత్యం నుంచి తప్పించాడు. స్పెయిన్ ప్రస్తుత రాజు 2022లో తన సొంత ఆస్తి ఎంతో ప్రకటించాడు. బ్రిటన్ అయితే లాభంలో శాతం అనే పద్ధతిని వదిలి, ఆస్పత్రులకు, బడులకు అడిగినట్టే ఈ ఏడాది ఎంత అవసరమో పార్లమెంటు ముందు చెప్పి అడగాలి, తగ్గకూడదన్న నియమాన్ని తీసేయాలి, రెండు డచీలను ఖజానాలో కలపాలి. సింహాసనంలో ఉన్నవారు 1993 నుంచి ఆదాయపు పన్నును స్వచ్ఛందంగా కడుతున్నారు గాని, రాజు నుంచి రాజుకు వెళ్లే ఆస్తికి మామూలు జనం కట్టే 40 శాతం వారసత్వ పన్ను లేదు. చట్టం ద్వారా ఆ మినహాయింపు పోవాలి. 2021లో మరణించిన రెండో ఎలిజబెత్ భర్త ఫిలిప్ వీలునామాను 90 ఏళ్ల పాటు తెరవకుండా సీలు వేయాలని కోర్టు ఆదేశించింది. అటువంటి సీళ్లు ఇకముందు వేయకూడదు, వేసినవాటిని విప్పాలి.